కృతజ్ఞతా పర్వము

"కృతజ్ఞత" యను మాటను విడదీసి చూచినచో "చేసినదాని నెరుగుట" యను నర్థము తేలును. వందనములు చెప్పుట, కానుక లిచ్చుట, కీర్తనలు పాడుట, విందు చేయుట మొదలగునవన్నియు తరువాతివి. ముందుగా కావలసినది ఎరుక. ఎవరు చేసిరి, ఏమి చేసిరి, తాము దేనిని కోలుపోయి చేసిరి యని యెరుగనివాని నోట వచ్చు వందనము గాలిమాట. దీనికి విరోధియైన "కృతఘ్నుడు" అను మాట మఱింత కఠినమైనది. చేసినదానిని చంపువాడని దాని యర్థము. కిష్కింధాకాండములో సుగ్రీవునిపై లక్ష్మణుడు మోపిన నేరమిదియే. సుగ్రీవుడు రాముని యుపకారమును కాదనలేదు. భోగములలో మునిగి బదులు చేయుటను వాయిదా వేసెను, అంతే. ఆ వాయిదాయే కృతఘ్నత యని లక్ష్మణుని తీర్పు.

ఆంగ్లభాషలో వందనమునకు వాడు "థాంక్" అను మాటకును, ఆలోచనకు వాడు "థింక్" అను మాటకును మూలమొక్కటియే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. క్రైస్తవుల యారాధనలో నడుమ నున్నట్టి రొట్టె ద్రాక్షారసముల సంస్కారమునకు గ్రీకు పేరు "యూకరిస్తియా". దానికి కృతజ్ఞతాస్తుతి యని యర్థము. కావున క్రైస్తవునకు కృతజ్ఞత పండుగనాడు గుమ్మమునకు కట్టు తోరణము వంటిది కాదు. అతని మతమునకు అదియే మూలస్తంభము. అయినను నవంబరు మాసాంతమున మొదలై క్రిస్మసు, క్రొత్త సంవత్సరము వఱకు సాగు పండుగల కాలమున ఈ స్తంభము మిగుల నలంకరింపబడుటయు, మిగుల మఱువబడుటయు రెండును జరుగుచుండును. దేవునికి స్తోత్రము చెప్పుచు, ఆ దేవుడు ఎవరి చేతులమీదుగా తనకు మేలు చేసెనో ఆ మనుష్యులను మఱచుట సులభము. ఇట్టి మఱపునకు చరిత్రలో శిక్షయున్నదా, మందున్నదా యని విచారించుటయే యీ వ్యాసము నుద్దేశము.

పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండమున తొలిపంటల యర్పణమునకు విధి చెప్పబడినది. రైతు గంపలో ప్రథమఫలములు పెట్టుకొని యాజకుని యొద్దకు పోవలెను. పోయి, ఊరక ఇచ్చి రారాదు. తన పూర్వుడు ఇల్లు వాకిలి లేక తిరిగినవాడనియు, పరదేశమున దాస్యము చేసినవాడనియు నోరార చెప్పుకొనవలెను. పిమ్మట ఆ మేలును ఇంటివారితోపాటు, భూమి లేని లేవీయునితోను, తన నడుమ నివసించు పరదేశితోను కలిసి అనుభవించి సంతోషింపవలెను. ఈ విధిలో మూడంశములున్నవి: పూర్వస్థితిని జ్ఞప్తికి తెచ్చుకొనుట, దాత నొప్పుకొనుట, పరునికి పాలు పెట్టుట. లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగులు స్వస్థులు కాగా, తిరిగి వచ్చి వందనము చెప్పినవా డొక్కడే. వాడును యూదులు చిన్నచూపు చూచు సమరయుడు. ఈ ప్రమాణములను చేతబట్టుకొని, లోకమున నెల్ల మిక్కిలి ప్రసిద్ధికెక్కిన కృతజ్ఞతా విందు నొకదానిని పరీక్షింతము.

1620 సంవత్సరమున "మేఫ్లవర్" అను ఓడలో 102 మంది ఆంగ్లేయులు అట్లాంటికు సముద్రమును దాటిరి. వారిలో పెక్కురు, ఇంగ్లండు రాజమతముతో పొసగక వేరుపడిన భక్తులు. వారు అమెరికా తీరమున కాలుమోపునప్పటికి చలికాలము వచ్చి పడినది. తీరమున తిరుగుచుండగా ఇసుకలో పాతిపెట్టిన మొక్కజొన్న పాతరలు వారికి కనబడెను. అవి యక్కడి జనులు విత్తనమునకును తిండికిని దాచుకొన్నవి. ఆకలిగొన్నవారు కావున వానిని త్రవ్వి తీసికొనిరి. ఆ ధాన్యమే మరుసటి యేటికి వారి విత్తనమైనది. తరువాత 1621లో దాని సొంతదారులకు బదులు చెల్లించి తృప్తిపఱచిరని వారి నాయకుడు బ్రాడ్‌ఫర్డు వ్రాసియున్నాడు. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకొనవలెను. ఆ వలసవారి కృతజ్ఞతలో మిక్కిలి సత్యమైన భాగము బహుశః ఇదియే. అది పాట కాదు, తీర్చిన బాకీ.

ఆ చలికాలమున వారిలో సగముమంది చనిపోయిరి. మిగిలినవారు కుదురుకొన్న ప్లిమత్ అను స్థలము అంతకుమున్ను పటుక్సెట్ అను గ్రామము. 1616 మొదలు 1619 వఱకు వ్యాపించిన మహామారి, ఐరోపా వర్తకుల నావలతో వచ్చినదని పెద్దలు తలచునది, ఆ గ్రామమును శూన్యము చేసినది. అడవి కొట్టి చదును చేసిన పొలములు వలసవారికి సిద్ధముగా దొరికినవి. వానిని చదును చేసిన చేతులు లేవు. ఆ గ్రామమువా డొక్కడు మాత్రము మిగిలెను. అతని పేరు టిస్క్వాంటం. 1614లో థామస్ హంట్ అను ఆంగ్ల నావికుడు అతనిని మఱి కొందఱితో మోసగించి ఓడ నెక్కించుకొని, స్పెయినుదేశపు మాలగా పట్టణమున బానిసగా నమ్మజూపెను. ఎట్లో తప్పించుకొని లండను చేరి, ఆంగ్లము నేర్చి, 1619లో స్వగ్రామమునకు తిరిగి వచ్చునప్పటికి పలుకరించుటకు ఒక్క ప్రాణి లేదు.

తన్ను బానిసగా నమ్మిన జాతివారే తన గ్రామపు బూడిదమీద ఇండ్లు కట్టుకొనుచుండగా, 1621 వసంతమున ఆ టిస్క్వాంటం వారి నడుమకు వచ్చెను. మొక్కజొన్న నెట్లు నాటవలెనో, మొదట చేపలను ఎరువుగా నెట్లు వేయవలెనో, ఎచట నే చేప దొరకునో నేర్పెను. వాంపనోగ్ జనుల నాయకుడైన మాససోయిట్‌తో సంధి కుదురుటకు దుబాసియై నిలిచెను. అతని మనస్సులో నేమున్నదో మనకు తెలియదు. స్వప్రయోజనమును చూచుకొన్నవాడే యని నాటి వలసవారు కొందఱు నిందించిరి కూడ. కాని అతడు నేర్పిన పైరు పండెను. ఆ శరత్కాలమున జరిగిన విందును ఎడ్వర్డ్ విన్‌స్లో 1621 డిసెంబరు 11వ తేదీ లేఖలో వర్ణించెను. మాససోయిట్ తొంబదిమంది జనముతో వచ్చెననియు, వారు అయిదు జింకలను తెచ్చిరనియు, మూడు దినములు విందు జరిగెననియు అందున్నది. ఆతిథ్యమిచ్చినవారు ఏబదిమందికి కొంచెము మించినవారు, అతిథులు తొంబదిమంది. వచ్చినవారు వట్టిచేతులతో రాలేదు. పరదేశికి పాలు పెట్టవలెనన్న ద్వితీయోపదేశకాండపు విధి యిచట తలక్రిందైనది. పరదేశులు వలసవారు; పాలు పెట్టినవారు ఆ నేలవారు.

టిస్క్వాంటం 1622లో జ్వరముచేత మరణించెను. మాససోయిట్ తాను బ్రతికియున్నన్నాళ్లు సంధిని నిలబెట్టెను. ఈలోగా ఓడలమీద ఓడలు వచ్చినవి. వలసవారికి భూమి చాలలేదు. మాససోయిట్ కుమారుడు మెటాకం కాలమునకు పొరపొచ్చెములు ముదిరి 1675లో యుద్ధము పుట్టెను. రెండు పక్షములను ఊళ్లు తగులబడెను. రెండు పక్షములను స్త్రీలు బిడ్డలు మడిసిరి. 1676 ఆగష్టు 12వ తేదీన మెటాకం చంపబడెను. అతని తలను ప్లిమతునకు తెచ్చిరి. అది చేరిన దినము ఆ పట్టణమువారు విజయమునకై దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుటకు ఏర్పఱచుకొన్న దినమే. ఆ తలను ఒక గుంజకు గ్రుచ్చి, ఏండ్ల తరబడి అందఱికిని కనబడునట్లు నిలిపిరి. పట్టుబడిన అతని కుమారుడు, తొమ్మిదేండ్ల బాలుడు, బానిసగా నమ్మబడెను. అయిదు జింకలను తెచ్చి పెట్టిన మాససోయిట్‌నకు ఆ బాలుడు మనుమడు.

ఆనాడు దేవాలయమున స్తోత్రము చెప్పినవారు కపటులని నేననను. వారు నిజముగా ప్రార్థించినవారు, నిజముగా ఉపవసించినవారు. అందుచేతనే యీ కథ భయంకరము. కృతజ్ఞతా దినమున కృతఘ్నత యంతటి నిండుగా వర్ధిల్లుటకు కపటము కావలసిన పనిలేదు, మఱపొక్కటి చాలును. ఏబదియైదేండ్లలో ఆ సంఘము దాత యెవడో మఱచినది. దేవుని పేరు మఱవలేదు. మనుష్యుని పేరు మఱచినది. దేవుని పేరు జ్ఞాపకమున్నంతమాత్రమున తాము కృతజ్ఞులమే యని నమ్మినది.

తరువాతి చరిత్ర క్లుప్తముగా చెప్పవచ్చును. 1789లో వాషింగ్టను దేశమంతటికి నొక కృతజ్ఞతా దినమును ప్రకటించెను. దానిని ఏటేట నిలుచు పండుగగా చేయవలెనని సారా జొసేఫా హేల్ అను వితంతువు, పత్రికా సంపాదకురాలు, 1846 మొదలు పత్రికలోను, అధ్యక్షులకు వ్రాసిన లేఖలలోను పట్టు విడువక ప్రార్థించెను. అంతర్యుద్ధపు నెత్తుటి నడుమ 1863లో లింకను ఆమె మాట విని, నవంబరు కడపటి గురువారమును ప్రకటించెను. 1941 చట్టముచేత అది నవంబరు నాల్గవ గురువారముగా స్థిరపడినది. ఆ దినమునకు 1621 నాటి విందును మూలకథగా చెప్పుట మాత్రము మొదటినుండి యున్న వాడుక కాదు. 1841లో అలెగ్జాండర్ యంగ్ అను పండితుడు విన్‌స్లో లేఖను మఱల అచ్చువేయుచు దానిని మొదటి కృతజ్ఞతా దినమని సూచించిన పిమ్మటనే యా కథ బలపడినది. బడిపిల్లల నాటకములలో విందు నిలిచినది, గుంజ తొలగినది. 1970లో ఓడ వచ్చిన 350వ సంవత్సరపు ఉత్సవమున ప్రసంగింపుమని వాంపనోగ్ జాతీయుడైన ఫ్రాంక్ జేమ్సును పిలిచి, అతని ప్రసంగపాఠమును ముందుగా చూచి, దానిని చదువ వీలులేదనిరి. నాటినుండి ఏటేట ఆ గురువారమే ప్లిమతులో ఆ జాతివారు సంతాపదినమును జరుపుచున్నారు. వారు పండుగను చెఱుపుటకు రాలేదు. మఱచిన పేరును చెప్పుటకు వచ్చినారు.

ఇంత దూరపు కథ మనకేల యనవచ్చును. ప్లిమత్ యున్న మాసచూసెట్స్ రాష్ట్రమందే బోస్టను నగరమున్నది. ఆ నగరమున కార్యస్థానము గల అమెరికను బాప్టిస్టు మిషనువారే 1835లో శామ్యూల్ డే దొరను తెలుగు దేశమునకు పంపిరి. ఆయన 1840లో నెల్లూరు చేరెను. కృతజ్ఞతను గూర్చిన రెండవ ప్రశ్న వారి చరిత్రలో నుదయించినది. మేలు పొందినవాడు మఱవరాదన్నది మొదటి ధర్మము. మేలు చేసినవాడు ఆ కృతజ్ఞతను వసూలు చేసికొనవచ్చునా యన్నది రెండవ ప్రశ్న.

1876 మొదలు 1878 వఱకు చెన్నరాజధానిని పట్టిన కఱవులో లక్షలకొలది జనులు మడిసిరి. ఒంగోలులో 1866 మొదలు పనిచేయుచున్న జాన్ క్లౌ దొర యౌవనమున సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును ఆయన గుత్తకు తీసికొని, కఱవుజనులకు పని కల్పించి కూలి యిచ్చెను. తన బోధకులనే పనిమీద పెట్టెను. మాలమాదిగ పల్లెల జనము వేలకొలదిగా వచ్చి మన్ను మోసిరి. అన్నము పెట్టిన చేతినుండి మతమును పుచ్చుకొనుటకు వారిలో పలువురు సిద్ధపడిరి. ఇచట ఆ దొర చేసినది గమనింపదగినది. కఱవు సాగుచున్నన్నాళ్లు, ఏడాదికి పైగా, బాప్తిస్మము నడిగినవారికి ఇయ్యక నిలిపివేసెను. కూటికై చేరినారను మాట వారికి రాకుండుటకును, కూటితో కొన్నాడను మాట తనకు రాకుండుటకును అది యొక్కటే మార్గము. సహాయము ముగిసినది, ఇక ఇచ్చుటకు సొమ్ము లేదని తెలిసిన పిమ్మటను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

వారందఱి హృదయములలో నేమున్నదో కొలుచుటకు మనయొద్ద తూనిక లేదు. ఆకలి జ్ఞాపకము, అవమానపు భారము, క్రొత్త గౌరవమునందలి యాశ, భక్తి యివియన్నియు నొక్క మనస్సులోనే కలిసియుండవచ్చును. కాని రెండు సంగతులు స్పష్టములు. మొదటిది, ఆ జనులకు బిచ్చము కాక కూలి దక్కినది. కూలికి ఎవరి పాదములకును మ్రొక్కనక్కఱలేదు. రెండవది, ఉపకారి తన యుపకారమునకు బదులు నడుగక వాకిలి మూసికొనెను. ఉపకారము చేసి కృతజ్ఞతను కోరువాడు ఋణదాత వంటివాడు. అతని యెదుట వంచిన తల అప్పులవాని తలయే గాని కృతజ్ఞుని తల కాదు. పండుగనాడు పనివారికి చీర పెట్టి, సంవత్సరమంతయు ఆ చీరను జ్ఞాపకము చేయుచుండు గృహస్థులు మనలో లేకపోలేదు.

ఇక మూడవ ధర్మమొకటి మిగిలియున్నది. దానిని తెలుగునేల స్వయముగా నేర్పినది. తిరునల్వేలి సీమలో 1874లో జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకలునకు సువార్తికుడై వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయ్యెను. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్లవారి యెదుట నిలిచి, మీరు మాకు మీ ధనమును శ్రమను ఇచ్చితిరి, అందునకు మేము కృతజ్ఞులము, కాని మీ స్నేహమును కూడ ఇయ్యుడని యడిగెను. సభవారిలో కొందఱికి ఆ మాట ముల్లువలె గ్రుచ్చుకొనెను. స్నేహము లేని దానము పుచ్చుకొనువానిని చిన్నచేయునని ఆయన యెఱిగినందుననే అట్లడిగెను.

ఆ జ్ఞానమునే ఆయన దోర్నకలులో ఆచరణకు తెచ్చెను. ఆయన సంఘస్థులలో పెక్కురు భూమిలేని కూలీలు. వారు పరుల చేలలో కోత కోసి, పరుల కళ్లములలో కుప్ప నూర్చి, కొలిచిపెట్టిన గింజలు ఇంటికి తెచ్చుకొనువారు. ఇట్టి నిరుపేదల నుండి కానుక కోరుట దయలేని పని కాదా యని పలువురకు తోచును. అజరయ్య మాత్రము, ఇచ్చుట ధనవంతుల సొత్తు కాదనియు, పేదవానిని ఎల్లకాలము పుచ్చుకొనువానిగనే యుంచుట అతనికి చేయు నన్యాయమనియు తలచెను. గృహిణి వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల పిడికెడు తీసి వేఱొక కుండలో వేయుట అక్కడి ఇండ్లలో వాడుకయైనది. కోతల పండుగకు ధాన్యపు మూటలు, కోళ్లు, మేకలు, కూరగాయలు ఎవరికి కలిగినది వారు దేవాలయమునకు తెచ్చెడివారు. ఆ సంఘమువారి ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైనది. ఈ పిడికెటి బియ్యపు వాడుక తెలుగుదేశమునకే పరిమితము కాదు. ఈశాన్యమున మిజో క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలిడి నేటికిని నడుపుచున్నారు.

ఈ పిడికిలిలో నున్న విశేషము చదువరులు, ముఖ్యముగా గృహిణులు, యోచింపదగినది. ఇంట రూకలు పురుషుని చేతిలో నుండుట మన దేశాచారము. బియ్యపుగంప మాత్రము స్త్రీ చేతిలో నున్నది. భర్త ననుమతి యడుగక, అప్పు చేయక, ఒకరికి చూపక ఆమె యియ్యగలిగినది ఆ పిడికెడు. అది సంవత్సరమున కొకమారు వచ్చు పండుగకు కాక, దినమునకు రెండుమార్లు వంటతోపాటు వచ్చును. కృతజ్ఞత యన ఎరుక యని మొదట చెప్పితిమి. ఎరుకకు అభ్యాసము కావలెను. ఎప్పుడో యొక దినమున జ్ఞాపకము చేసికొన్నవారు ఏబదియైదేండ్లలో మఱచిరి. పూటకొకమారు చేయి కుండలో పెట్టునది మఱచుట కష్టము.

తెలుగునాట క్రిస్మసు వచ్చునప్పటికి పెక్కు తావుల వరి కోతకు వచ్చియుండును, లేదా కళ్లమునకు చేరియుండును. నక్షత్రపు దీపములు, క్రొత్త బట్టలు, పిండివంటలు, అర్ధరాత్రి ఆరాధన యివన్నియు వలయునవే. సంతోషము పాపము కాదు. అయినను క్రైస్తవ గృహస్థుడు ఆ భోజనమునకు కూర్చుండుటకు ముందు మూడు పనులు చేయవచ్చును. మేలు చేసిన మనుష్యుల పేర్లను, దేవుని పేరుతో పాటు, పిల్లలు వినునట్లు చెప్పుట మొదటిది. చదువు చెప్పించినవారు, కఱవున గింజలు బదులిచ్చినవారు, పురుటినాడు కాచుకొన్న మంత్రసాని, నాటు వేసిన కూలివారు, వారిలో మతము వేఱైనవారు, కులము వేఱైనవారు, ఇప్పుడు మాటలు లేనివారు సయితము ఆ పట్టికలో నుండవలెను. తాను చేసిన మేలును ఆ దినమున నోట పలుకకుండుట రెండవది. ఇంట పనిచేయువారికిని పొలమున పనిచేసినవారికిని రావలసిన జీతము, కూలి, కొలత బాకీ లేకుండ పండుగకు ముందే చెల్లించుట మూడవది. చీర, పిండివంట తరువాత పెట్టవచ్చును; ఋణము ముందు తీఱవలెను. మేఫ్లవర్ వారు త్రవ్వి తీసికొన్న జొన్నలకు బదులిచ్చినట్లు, ఎవరి పాతర ఎవరికి విత్తనమైనదో తెలిసికొని ఆ బాకీ తీర్చినవాని యింట, స్తోత్రగీతము కొంచెము శ్రుతి తప్పినను లోటుండదు.